ట్రక్కు అక్కడ.. డిస్పాచర్ ఇక్కడ!

హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్ ఉద్యోగాలు వెతికేవారికి ‘యూఎస్ ట్రక్ డిస్పాచర్’ అనే మాట కొత్తేం కాదు. కొన్నాళ్లు చేశాక చాలామందికి వచ్చే ఆలోచన ఒకటే.. ‘కంపెనీకి చేసే పనే సొంతంగా చేసుకుంటే?’ ల్యాప్‌టాప్, హెడ్‌సెట్, కాస్త ఇంగ్లిష్ ఉంటే డాలర్లే డాలర్లని ఊరించే వీడియోలకూ, వేలకు వేలు ఫీజు అడిగే కోర్సులకూ కొదవ లేదు. పని నిజమే, ఆదాయమూ నిజమే. కానీ లోడు వెతికిపెట్టడం ఎవరైనా చేస్తారు. ఏ లోడు వద్దో చెప్పగలిగినవాడి దగ్గరే డ్రైవర్ ఆగుతాడు. ఈ రంగంలోకి దిగేముందు తెలుసుకోవాల్సింది అదే.

ఏం చేయాలి?

అమెరికా ట్రక్కింగ్ సంస్థల్లో అత్యధికం పది ట్రక్కుల లోపు ఉన్నవే. సొంత ట్రక్కు, సొంత లైసెన్సుతో నడిపే ఓనర్ ఆపరేటర్లూ ఎక్కువే. బ్రోకర్లు లోడ్లను డాట్, ట్రక్‌స్టాప్ లాంటి లోడ్ బోర్డుల్లో పెడతారు. హైవే మీద బండి నడుపుతూ డ్రైవర్ వాటిని చూస్తూ కూర్చోలేడు కదా! ఆ పని డిస్పాచర్‌ది. లోడు వెతకాలి, బ్రోకర్‌తో బేరమాడాలి, రేట్ కన్ఫర్మేషన్‌ను అక్షరం వదలకుండా చదవాలి, డెలివరీ అయ్యేదాకా ఫాలోఅప్ చేయాలి, ఆ తర్వాత కాగితాలు పంపాలి. ఇందుకు ట్రక్కు యజమాని లోడు మొత్తంలో సాధారణంగా 5 నుంచి 10 శాతం ఇస్తాడు.

డ్రై వ్యాన్, రీఫర్, ఫ్లాట్‌బెడ్.. ఒక్కో రకం ట్రైలర్‌కు లోడ్లూ వేరే, రేట్లూ వేరే. మొదట్లో ఒక్కదాన్నే పట్టుకుని, దాని మీద పట్టు సాధించడం మేలు.

రేటు చూసి మురిసిపోవద్దు

ఒక ఉదాహరణ చూద్దాం. రేట్లు లెక్క కోసం అనుకున్నవి. అట్లాంటా నుంచి మయామీకి సుమారు 660 మైళ్లు. మైలుకు 3 డాలర్ల చొప్పున 1,980 డాలర్ల లోడు వచ్చింది. అట్లాంటా నుంచి మెంఫిస్‌కు 390 మైళ్లు, మైలుకు 2.50 చొప్పున 975 డాలర్లు. ఏది తీసుకుంటారు? కొత్తవాళ్లు కళ్లు మూసుకుని మయామీ అనేస్తారు.

ఫ్లోరిడాలోకి వెళ్లే సరకు ఎక్కువ, బయటికొచ్చేది తక్కువ. వసంతంలో కూరగాయల సీజన్ తప్పిస్తే తిరుగు లోడు చవగ్గానే దొరుకుతుంది. మైలుకు 1.20కి వచ్చాడనుకుంటే 792 డాలర్లు. రానూపోనూ 1,320 మైళ్లకు 2,772.. అంటే మైలుకు 2.10. మెంఫిస్ పెద్ద సరకు కేంద్రం. అక్కణ్నుంచి 2.20కి తిరుగు లోడు దొరికితే 858 డాలర్లు. 780 మైళ్లకు 1,833.. మైలుకు 2.35! పైకి తక్కువగా కనిపించిన లోడే లాభం. దీనికి డెడ్‌హెడ్, అంటే లోడు లేకుండా ఖాళీగా నడిచే మైళ్లనూ కలపాలి. ఆ మైళ్లకు డీజిల్ ఖర్చే తప్ప పైసా రాదు.

ఎక్సెల్ తెలిసినవాళ్లకు ఇది పది నిమిషాల పని. లోడు మైళ్లు, ఖాళీ మైళ్లు, రేటు, తిరుగు రేటు.. నాలుగు కాలమ్స్‌తో షీటు తయారుచేసుకుని రోజూ సాధన చేయండి.

గడియారం మీ చేతిలో లేదు

అమెరికాలో సరకు రవాణా డ్రైవర్ వరసగా 10 గంటలు విశ్రాంతి తీసుకున్నాక 11 గంటలే నడపాలి. అదీ డ్యూటీ ఎక్కిన 14 గంటల్లోపే. 8 గంటలు నడిపాక 30 నిమిషాల విరామం తప్పనిసరి. ట్రక్కులోని ఎలక్ట్రానిక్ పరికరం అన్నీ రికార్డు చేస్తుంది.

ఆ మయామీ లోడే తీసుకోండి. గంటకు సగటున 55 మైళ్లు వేసుకున్నా 660 మైళ్లకు 12 గంటలు. ఒక్క డ్యూటీలో కుదరదు. ‘రేపు పొద్దునకల్లా దించేస్తాం’ అని మీరు ఫోన్లో మాటిచ్చేస్తే అక్కడ నిద్ర లేకుండా నడపాల్సింది డ్రైవర్. జరిమానా, ప్రమాదం అన్నీ అతనికే. మీ కమీషన్ మాత్రం మీకొస్తుంది. అందుకే లోడు ఒప్పుకొనేముందు ‘ఇవాళ ఇంకా ఎన్ని గంటలున్నాయి?’ అని అతణ్ని అడగడం అలవాటు కావాలి.

గిడ్డంగి దగ్గర గంటల తరబడి ఆగాల్సివస్తే వచ్చే డబ్బును డిటెన్షన్ అంటారు. సాధారణంగా మొదటి రెండు గంటలు ఉచితం. ఆ పైన ఎంతిస్తారో రేట్ కన్ఫర్మేషన్‌లో ముందే రాయించాలి. వచ్చిన, వెళ్లిన సమయాలకు రుజువుంచుకోవాలి.

గీత దాటితే బ్రోకరే

చాలా కోర్సులు పైపైన దాటేసే విషయం ఇది. డిస్పాచర్‌గా ఉండటానికి అక్కడ ప్రత్యేక లైసెన్సు లేదు. బ్రోకర్‌కు మాత్రం ఫెడరల్ రవాణా భద్రతా సంస్థ ఎఫ్‌ఎంసీఎస్‌ఏ దగ్గర రిజిస్ట్రేషన్, 75,000 డాలర్ల బాండు ఉండాలి. ఈ రెంటికీ తేడా చెబుతూ ఆ సంస్థ 2023లో తుది మార్గదర్శకాలు ఇచ్చింది. ఒకటికి మించిన ట్రక్కు సంస్థలకు పనిచేసినంత మాత్రాన బ్రోకర్ అయిపోరు. కానీ సరకు యజమానితో నేరుగా బేరమాడటం, లోడు డబ్బు మీ చేతుల మీదుగా నడపడం, ఒప్పందం లేని ట్రక్కుకు లోడు అప్పగించడం లాంటివి చేస్తే బ్రోకర్ పని చేసినట్టే లెక్కకట్టొచ్చు. లైసెన్సు లేకుండా ఆ పని చేస్తే ఒక్కో ఉల్లంఘనకు భారీ జరిమానా ఉంటుంది.

సూత్రం సులువే. ప్రతి ట్రక్కు యజమానితో రాతపూర్వక ఒప్పందం ఉండాలి. బ్రోకర్‌తో మాట్లాడేటప్పుడు ఎవరి తరఫున మాట్లాడుతున్నారో చెప్పాలి. మీ ఫీజు ట్రక్కు యజమాని నుంచే రావాలి.

చేతికి ఎంతొస్తుంది?

ఒక ట్రక్కు వారానికి 5,000 డాలర్ల పని చేసిందనుకుందాం. 6 శాతం చొప్పున మీకు 300. మూడు ట్రక్కులుంటే 900. బాగానే ఉంది కదూ! కానీ ట్రక్కు షెడ్డుకు వెళితే ఆ వారం సున్నా. 2022 తర్వాత స్పాట్ రేట్లు పడిపోయినప్పుడు ట్రక్కుల వాళ్లతోపాటు డిస్పాచర్ల కమీషనూ తగ్గింది. లోడ్ బోర్డు, ఫోన్ ఖర్చులు మాత్రం తగ్గవు. కనీసం ఆర్నెల్ల ఇంటి ఖర్చు చేతిలో ఉంచుకునే దిగండి.

మోసాలతో మరింత జాగ్రత్త. పేరున్న బ్రోకర్లలా నటించి లోడు కాజేసేవాళ్లున్నారు. తీసుకున్న లోడును చెప్పకుండా ఇంకొకరికి అమ్మేసే డబుల్ బ్రోకరింగ్ ఉంది. మెయిల్‌లో ఇచ్చిన నంబరుకు కాకుండా, ఎఫ్‌ఎంసీఎస్‌ఏ రికార్డులో ఉన్న నంబరుకు ఫోన్ చేసి నిర్ధారించుకోండి. ఆ వెబ్‌సైట్ చూడటానికి రూపాయి ఖర్చు లేదు.

మొదలు ఎక్కడ?

• ముందు ఏదైనా డిస్పాచ్ కంపెనీలో ఏడాది పనిచేయండి. జీతం తీసుకుంటూ నేర్చుకోవచ్చు. అమెరికా మధ్య ప్రాంతంలో ఉదయం 8 అంటే మనకు చలికాలంలో రాత్రి 7.30, వేసవిలో 6.30. ఈ రాత్రి జీవితం మీ ఒంటికీ ఇంటికీ పడుతుందో లేదో అప్పుడే తేలిపోతుంది.

• బయటికొచ్చేటప్పుడు ఆ కంపెనీ క్లయింట్లను వెంటపెట్టుకు రావద్దు. అపాయింట్‌మెంట్ లెటర్‌లోని షరతులు ఓసారి చదవండి.

• తొలి ట్రక్కు ఒక్కటే చాలు. యజమాని అథారిటీ పనిచేస్తోందా, బీమా ఉందా చూడండి. చట్ట ప్రకారం సాధారణ సరకుకు కనీస లయబిలిటీ బీమా 7.5 లక్షల డాలర్లు. బ్రోకర్లు ఎక్కువగా 10 లక్షలది అడుగుతారు.

• విదేశాల నుంచి వచ్చే ఫీజుపై ఆదాయపు పన్ను, జీఎస్టీ సంగతి మొదటి ఇన్‌వాయిస్‌కు ముందే ఆడిటర్‌తో తేల్చుకోండి.

• అమెరికాలో ఎఫ్-1 వీసాపై చదువుతున్న మిత్రులు పార్ట్‌టైమ్‌గా చేద్దామనుకుంటే ఆగండి. అనుమతి లేని స్వయం ఉపాధి వీసాకే ఎసరు పెడుతుంది.

ఇక కోర్సంటారా.. రాష్ట్రాల మ్యాపు, డ్యూటీ గంటల నిబంధనలు, పైన చెప్పిన లెక్కల షీటు ఇవన్నీ ఇంట్లో కూర్చుని ఉచితంగా నేర్చుకునేవే. ఒక నెల వాటితో గడిపాక కూడా ఆసక్తి తగ్గకపోతే ఈ పని మీకు నప్పుతుందన్నమాట. అప్పటిదాకా ఎవరికీ ఫీజు కట్టకండి.