డిగ్రీ అయిపోయాక కరెంటు ఇంజనీర్ మళ్లీ ఎందుకు చదవాలి?

ఈ ఎపిసోడ్‌లో చాలామంది అడుగుతున్న ఒక ప్రశ్న తీసుకున్నాను. "అన్నా, ట్రిపుల్ ఈ అయిపోయింది, ఏఈ పోస్ట్ కూడా వచ్చింది. ఇంకా ట్రైనింగ్‌లు, సర్టిఫికెట్లు అంటూ మళ్లీ క్లాసులో కూర్చోవడం ఎందుకు? ఓమ్ సూత్రం మారదు కదా?" అని.

నిజమే, ఓమ్ సూత్రం మారదు. నేను సబ్‌స్టేషన్లలో రిలేలు టెస్ట్ చేసే పనిలో ఉన్నాను. కాలేజీలో నేర్చుకున్న లెక్కలే ఇప్పటికీ వాడతాను. కానీ గ్రిడ్‌లో అసలు పెద్ద ప్రమాదం ఏ పదేళ్లకో ఒకసారి వస్తుంది. వచ్చినప్పుడు కంట్రోల్ రూమ్‌లో ఉన్న మనిషి చేతిలో ఉండేది కొన్ని నిమిషాలు, ఒక్కోసారి సెకన్లు. అలాంటిది ఆయన అంతకుముందు ఎప్పుడూ చూసి ఉండడు. పోనీ ప్రాక్టీస్ చేద్దామంటే, నడుస్తున్న గ్రిడ్‌ని పడగొట్టి నేర్చుకోలేం కదా! ట్రైనింగ్ అవసరం అక్కడే వస్తుంది. మూడు సంఘటనలు చెప్తాను, మీకే అర్థమవుతుంది.

మొదటిది అమెరికాలో. 2003 ఆగస్టు 14 మధ్యాహ్నం ఒహాయో రాష్ట్రంలో ఒక విద్యుత్ కంపెనీ కంట్రోల్ రూమ్‌లో అలారం సాఫ్ట్‌వేర్ ఆగిపోయింది. స్క్రీన్లు వెలుగుతూనే ఉన్నాయి, అలారాలు మాత్రం రావట్లేదు. ఆ సంగతి ఆపరేటర్లకు చాలాసేపు తెలియలేదు. లోడ్ పెరిగితే తీగ వేడెక్కి కిందికి సాగుతుంది కదా, దాన్నే శాగ్ అంటాం. అలా సాగిన హై వోల్టేజ్ లైన్లు చెట్లకు తగిలి ఒక్కొక్కటే ట్రిప్ అయ్యాయి. సాయంత్రం 4 దాటిన కొద్ది నిమిషాలకే అమెరికా ఈశాన్య రాష్ట్రాలు, కెనడాలోని ఒంటారియో కలిపి సుమారు 5 కోట్ల మందికి కరెంటు పోయింది.

ఆ తర్వాత అక్కడి గ్రిడ్ భద్రత చూసే సంస్థ, దాని పేరు నెర్క్, 2004లో ఒక సిఫారసు చేసింది. గ్రిడ్‌ని రియల్ టైమ్‌లో నడిపే ప్రతి ఒక్కరికీ ఏడాదికి కనీసం 5 రోజులు ఎమర్జెన్సీల మీద ట్రైనింగ్, డ్రిల్స్ ఉండాలి, అది కూడా నిజం లాంటి సిమ్యులేషన్‌తో. గమనించండి, లెక్చర్లు వినమని కాదు, చేసి చూడమని చెప్పారు.

రెండోది మన దేశంలోదే. 2012 జూలై 30 తెల్లవారుజామున రెండున్నర ప్రాంతంలో ఉత్తర గ్రిడ్ కుప్పకూలింది. మర్నాడు మధ్యాహ్నం ఒంటి గంటకి ఉత్తర, తూర్పు, ఈశాన్య గ్రిడ్లు మూడూ పడిపోయాయి. అవి 60 కోట్లకు పైగా జనం ఉన్న ప్రాంతాలు. రెండు రోజులూ కీలకమైన దెబ్బ బీనా–గ్వాలియర్ 400 కేవీ లైన్ దగ్గరే తగిలింది. విచిత్రం ఏంటంటే, లైన్ మీద ఫాల్ట్ ఏమీ లేదు.

మరి ఎందుకు ట్రిప్ అయింది? ఆ లైన్‌కి డిస్టెన్స్ రిలే ఉంటుంది. అది వోల్టేజ్‌ని కరెంట్‌తో భాగించి ఫాల్ట్ ఎంత దూరంలో ఉందో లెక్కగడుతుంది. లోడ్ విపరీతంగా పెరిగి, వోల్టేజ్ కూడా తగ్గిందనుకోండి, ఆ భాగహారం విలువ చిన్నదైపోతుంది. రిలే "ఎక్కడో దూరంగా ఫాల్ట్ ఉంది" అనుకుని లైన్ తీసేస్తుంది. దీన్ని లోడ్ ఎన్‌క్రోచ్‌మెంట్ అంటారు. పుస్తకంలో ఇది ఒక పేరా. కంట్రోల్ రూమ్‌లో అయితే మీటర్లు చూసి "ఈ లైన్ ఇప్పుడు రిలే అంచుకి వచ్చేసింది, లోడ్ తగ్గించాలి" అని ముందే పసిగట్టాలి. ఆ చూపు పేరా చదివితే రాదు, మళ్లీ మళ్లీ చేస్తేనే వస్తుంది.

ఆ రెండు రోజులూ మన దక్షిణ గ్రిడ్ నిలబడింది. ఎందుకంటే మనం అప్పటికి మిగతా దేశంతో ఏసీ లైన్లతో కలిసి లేము. విశాఖలో గాజువాక దగ్గర ఉన్నలాంటి హెచ్‌వీడీసీ లింకుల ద్వారానే కరెంటు ఇచ్చిపుచ్చుకునేవాళ్లం. మధ్యలో డీసీ ఉంటే అవతలి ఫ్రీక్వెన్సీ ఊపు ఇవతలికి నేరుగా రాదు. 2013 డిసెంబర్ 31న రాయచూర్–షోలాపూర్ 765 కేవీ లైన్‌తో మనమూ కలిసిపోయాం. అప్పటినుంచి దేశమంతా ఒకే గ్రిడ్, ఒకే ఫ్రీక్వెన్సీ. మనకి కొరత వస్తే దూరం నుంచి సాయం వస్తుంది. అలాగే దూరంలో జరిగిన గొడవ కూడా మన దాకా వస్తుంది.

ఇప్పుడు ఆలోచించండి. 2010లో హైదరాబాద్‌లోనో విజయవాడలోనో డ్యూటీలో చేరిన ఇంజనీర్ నేర్చుకున్నది ఒక గ్రిడ్. 2014 కల్లా ఆయన చూసుకోవాల్సింది ఇంకో గ్రిడ్. ఆయన డిగ్రీ అదే, కుర్చీ అదే. కాళ్ల కింద నేల మారింది.

మూడోది కొత్త తరం సమస్య. థర్మల్ స్టేషన్‌లో టన్నుల బరువున్న రోటర్ నిమిషానికి 3000 సార్లు తిరుగుతుంది. గ్రిడ్‌లో ఏదైనా కుదుపు వస్తే ఆ తిరిగే బరువే కొన్ని సెకన్లు ఆపుతుంది. సోలార్ ప్లాంట్‌లో తిరిగే బరువు లేదు, ఇన్వర్టర్ ఉంటుంది. అది ఏం చేస్తుందో దాని సాఫ్ట్‌వేర్ సెట్టింగే చెప్తుంది. మన కర్నూలు దగ్గరే 1000 మెగావాట్ల సోలార్ పార్క్ ఉంది కదా, కాబట్టి ఇది మనకి దూరపు విషయం కాదు.

సెట్టింగ్ తెలియకపోతే ఏమవుతుందో 2016 సెప్టెంబర్ 28న సౌత్ ఆస్ట్రేలియాలో తెలిసింది. అవి గాలిమరలు, కానీ విషయం అదే. తుఫానుకి టవర్లు కూలి, రెండు నిమిషాల్లో వోల్టేజ్ ఆరుసార్లు పడిపోయింది. "వోల్టేజ్ ఇన్నిసార్లు పడితే ఉత్పత్తి తగ్గించు" అనే సెట్టింగ్ కొన్ని గాలిమరల్లో ఉంది. గ్రిడ్ నడిపేవాళ్లకి అలాంటిది ఒకటుందనే తెలియదు. 7 సెకన్లలోపే 456 మెగావాట్లు తగ్గిపోయాయి. పక్క రాష్ట్రం నుంచి వచ్చే లింక్ మీద భారం పడి అదీ ట్రిప్ అయింది. రాష్ట్రం మొత్తం చీకటి.

మరి మంచి ట్రైనింగ్ ఎలా ఉంటుంది? పైలట్లకి ఉన్నట్టే గ్రిడ్ ఆపరేటర్లకీ సిమ్యులేటర్ ఉంటుంది. ఉదాహరణకి బ్లాక్ స్టార్ట్. గ్రిడ్ మొత్తం పోయింది, సున్నా నుంచి లేపాలి. డీజిల్ జనరేటర్‌తో ఒక హైడల్ యూనిట్ స్టార్ట్ చేస్తారు, దాంతో ఒక లైన్ ఛార్జ్ చేస్తారు, చిన్న చిన్న ముక్కలుగా లోడ్ కలుపుతారు. తొందరపడి పెద్ద లోడ్ ఒకేసారి కలిపితే ఫ్రీక్వెన్సీ దబ్బున పడి మళ్లీ మొదటికొస్తుంది. లోడ్ లేకుండా పొడవైన లైన్ ఛార్జ్ చేస్తే అవతలి చివర వోల్టేజ్ పెరిగిపోతుంది, అదే మీరు చదివిన ఫెరాంటీ ఎఫెక్ట్. సిమ్యులేటర్‌లో గ్రిడ్ పదిసార్లు పడిపోయినా ఎవరి ఇంట్లోనూ ఫ్యాన్ ఆగదు.

ఇదంతా కంట్రోల్ రూమ్ వాళ్లకేనా అంటే కాదు. కింద లైన్ మీద పనిచేసేవాళ్లకి ఇది ప్రాణాల లెక్క. ఎల్‌సీ తీసుకుని, ఏబీ స్విచ్ ఓపెన్ చేస్తే లైన్ డెడ్ అనుకుంటాం. కానీ ఎక్కడో ఒక షాపులో ఛేంజ్ ఓవర్ స్విచ్ లేకుండా జనరేటర్ కలిపేశారనుకోండి. ఆ కరెంటు ట్రాన్స్‌ఫార్మర్ గుండా వెనక్కి వెళ్లి 11 కేవీ అవుతుంది. అందుకే లైన్ టెస్ట్ చేసి, పనిచేసే చోటుకి రెండు వైపులా ఎర్త్ రాడ్లు వేశాకే చెయ్యి పెట్టాలి. జనరేటర్లు, ఇన్వర్టర్లు ఊరూరా పెరిగాక ఈ పాఠం ఒక్కసారి చెప్పి వదిలేసేది కాదు. ఏఈగా మీరు ఎల్‌సీ ఇచ్చే మనిషి. స్తంభం మీద ఉన్న మనిషి మీ మాట నమ్ముకుని ఎక్కుతాడు.

నేర్చుకునే చోట్లు ఉన్నాయి. కేంద్ర విద్యుత్ శాఖ కింద ఎన్‌పీటీఐ ఉంది, లైన్ ఆఫ్ చేయకుండా పనిచేసే హాట్ లైన్ ట్రైనింగ్ దాని బెంగళూరు సెంటర్‌లో ఇస్తారు. హైదరాబాద్ గచ్చిబౌలిలో ఇంజనీరింగ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా ఉంది. ఇవేవీ కుదరకపోతే ఎన్‌పీటీఈఎల్‌లో ఐఐటీ ప్రొఫెసర్ల పవర్ సిస్టమ్ క్లాసులు మీ ఫోన్‌లోనే ఫ్రీగా చూడొచ్చు.

ఒక్క మాట మాత్రం గట్టిగా చెప్తాను. హాజరు సంతకం పెట్టి, టీ తాగి, గ్రూప్ ఫొటో దిగి వచ్చేది ట్రైనింగ్ కాదు. వెళ్లి వచ్చాక మూడు ప్రశ్నలు వేసుకోండి. నా చేత్తో ఏదైనా చేశానా? ఎప్పుడో జరిగిన ప్రమాదాన్ని నిమిషం నిమిషం విప్పి చూశామా? రేపు డ్యూటీలో నేను వేరేగా చేసే పని ఒక్కటైనా ఉందా? మూడింటికీ "లేదు" అనే వస్తే, ఆ రోజులు వృథా అయినట్టే. అలాంటప్పుడు ఊరుకోకండి, మీ పై ఆఫీసర్‌ని మర్యాదగానే అడగండి: "సార్, ఈసారి సిమ్యులేటర్ ఉన్న చోటికి పంపండి" అని.

మీ సబ్‌స్టేషన్‌లో ఈ మధ్య ఏదైనా ట్రిప్పింగ్ అయితే, రేపు వెళ్లి దాని రిలే రికార్డ్ తీసి చూడండి. ఎందుకు ట్రిప్ అయిందో మీ మాటల్లో పది లైన్లు రాయండి. దానికి ఎవరి పర్మిషనూ, ఏ ఫీజూ అక్కర్లేదు. వచ్చే ఎపిసోడ్‌లో ఆ రికార్డ్ ఎలా చదవాలో చూద్దాం.