చేతిసాన యంత్రము: చేయదగిన మార్పులు, చేయరాని మార్పులు



గ్రైండరు అనగానే మన యిండ్లలో పిండి రుబ్బు యంత్రము మనస్సునకు వచ్చును. నేను నేడు ముచ్చటింపబోవునది అది కాదు. ఇనుప తలుపులు చేయువారును, బండలు పరచువారును చేతబట్టి, నిప్పురవ్వలు చిమ్ముచు కోతకోయు చిన్న యంత్రము గలదు. దాని మోటారు పిడి పొడవునను, చక్రపు ఇరుసు దానికి లంబకోణమునను ఉండును. కావుననే దానికి యాంగిల్ గ్రైండరని పేరు. పనివారు కటింగు మిషననియు పిలుతురు. నేను దీనిని చేతిసాన యని వ్యవహరించెదను. సంస్కృతమున శాణమనినను, తెనుగున సాన యనినను వస్తువు ఒక్కటియే. మన పెద్దలు సానను ఒకచోట నిలిపి కత్తిని దాని కడకు తెచ్చెడివారు. ఈ యంత్రమున సానయే లేచి ఇనుము కడకు పోవుచున్నది. సౌకర్యమంతయు నిందే కలదు. ప్రమాదమంతయు నిందే కలదు.

ఇది మిక్కిలి పురాతనమైనది కాదు. జర్మనీ దేశమున అకెర్మాన్, ష్మిట్ అను ఇరువురు 1922లో ఒక సంస్థను స్థాపించిరి. మొదట వారు మోటారును ఒకచోట నుంచి, వంగెడు తీగబొందు వంటి ఇరుసుచే సానను త్రిప్పు యంత్రములు చేసిరి. ఆ వంగెడు గుణమును బట్టియే వారి సరకునకు ఫ్లెక్స్ అను పేరు వచ్చెను. 1954లో ఆ సంస్థయే అతివేగముగా తిరుగు తొలి లంబకోణ యంత్రమును వెలువరించెను. నేటికిని జర్మనులు ఎవరు చేసిన యంత్రమునైనను ఫ్లెక్స్ అనియే పిలుచుచుందురు.

మాది శంషాబాదు విమానాశ్రయమునకు చేరువనున్న పల్లె. 2008 మార్చిలో ఆ విమానాశ్రయము తెరవబడిన పిమ్మట మా ప్రాంతమున ఇండ్లును గిడ్డంగులును విస్తారముగా లేచినవి. బెంగుళూరు రహదారి పొడవున ఇనుపపని దుకాణములు వెలసినవి. ఈ యంత్రపు రొద వినబడని వీధి అరుదు. రైతులును గొడ్డలికి పదును పెట్టుటకని, గడ్డపార మొన తీర్చుటకని దీనిని కొనుచున్నారు. చవుకగా దొరకుచున్నది గనుక కొనుట తప్పు కాదు. అయితే చవుక వస్తువును కొన్నవాడు దానిని తన బుద్ధికి తోచినట్లు మార్చుకొనును. ఆ మార్పులలో ఏవి మేలు, ఏవి కీడు అను విచారణయే నేటి ప్రసంగము.

ఈ విచారణకు నాకు గల అధికారము పాండిత్యము వలన వచ్చినది కాదు. చేసిన తప్పు వలన వచ్చినది.

ఉద్యోగ విరమణానంతరము పెరటి రేకుల పాకలో ఒక చిన్న పనిశాల నేర్పరచుకొంటిని. సికింద్రాబాదు రాణిగంజు బజారున రెండువేల రూపాయలకు లోబడి నాలుగంగుళముల యంత్రమొకటి కొనితెచ్చితిని. ఒకనాడు పాత యింటి ఇనుపదూలమును కోయవలసి వచ్చెను. దూలపు మూలలోనికి చక్రము అందలేదు. యంత్రపు తల అడ్డుపడెను. పెద్ద చక్రమైన అందును గదా యని కవచపు రేకును ఊడదీసితిని. ఏడంగుళముల చక్రమొకటి తెచ్చితిని. దాని బెజ్జము పెద్దది కాగా, గొట్టపు ముక్కతో కట్టు చేసి బిగించితిని. నా నేర్పునకు నేనే మెచ్చుకొంటిని.

మీట నొక్కి దూలమునకు ఆనించితిని. అంతలోనే చక్రము పగిలి మూడు ముక్కలయ్యెను. ఒకటి పాకరేకును చీల్చుకొని పోయెను. ఒకటి నేలలో దిగెను. మూడవది నా ప్రక్కనున్న నులకమంచపు పట్టెలో నాటుకొనెను. ఆ మంచముపై కూర్చుండి నా పనిని చూచుచుండిన మనుమడు మంచినీళ్లకై అప్పుడే లేచి లోనికి పోయియుండెను. వాడు చెంబుతో వచ్చి, "తాతా, ఏమైంది?" యని అడిగెను. నాకు మాట రాలేదు.

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లేచి కాగితమును ముందిడుకొని లెక్క వేసితిని. భాస్కరాచార్యుల లీలావతిని చిన్ననాడు గురువుగారి సన్నిధిని చదివినవాడను. వ్యాసమును 22 చే గుణించి 7 చే భాగించిన వృత్తపరిధి వచ్చునని అందు గలదు. ఆ సూత్రమునే ఎన్నియో యేండ్లు పిల్లలచేత వల్లె వేయించితిని. ఒక్కనాడైనను నా చేతిలోని చక్రమునకు అన్వయింపనైతిని.

ఇప్పుడు మీరును నాతో కూడ లెక్క వేయుడు. నాలుగంగుళముల చక్రపు వ్యాసము 100 మిల్లీమీటర్లు; పరిధి సుమారు 314 మిల్లీమీటర్లు. యంత్రము నిమిషమునకు 11,000 చుట్లు తిరుగునని దాని పట్టీపై వ్రాసియున్నది. అనగా చక్రపు అంచుపై నున్న ఒక యిసుకరేణువు నిమిషమునకు దాదాపు 3,450 మీటర్లు పోవుచున్నది. గంటకు 207 కిలోమీటర్లు. మా యింటి మీదుగా పోవు చిన్న పంకాల విమానములు నేలను విడుచు వేగము ఇంచుమించుగా ఇంతియే.

ఏడంగుళముల చక్రపు వ్యాసము 180 మిల్లీమీటర్లు. అదే యంత్రమునకు తగిలించిన దాని అంచు గంటకు 370 కిలోమీటర్లకు మించి పోవును. కాని చక్రము చేసినవారు క్షణమునకు 80 మీటర్లు, అనగా గంటకు 288 కిలోమీటర్లు మాత్రమే మేరయని దానిపై అచ్చు వేసియున్నారు. ఏడంగుళముల యంత్రములు నిమిషమునకు 8,500 చుట్లకే పరిమితమగుటకు కారణ మిదియే. 8,500 చుట్లకు ఆ చక్రము సరిగా 288 కిలోమీటర్ల మేరను చేరును. అది పెద్ద యంత్రపు మాంద్యము కాదు, మర్యాద.

మరియొక సంగతి. తిరుగు వస్తువు తన్ను తాను చీల్చుకొనుటకు పెనుగులాడుచుండును. చుట్ల సంఖ్య మారకయే చక్రము 1.8 రెట్లు పెద్దదైనచో ఆ చీల్చు ఒత్తిడి 1.8 రెట్లు గాక, దాని వర్గము చొప్పున, మూడింతలకు పైగా పెరుగును. చక్రమనగా నేమి? గరుకు రేణువులను బేకలైటు జాతి జిగురుతో ముద్దచేసి, నడుమ గాజునారతో నేసిన వలను చేర్చి అదిమినది. అది ఉక్కు కాదు. జిగురు కాలక్రమమున బలహీనమగును. అందువలననే నడిమి లోహపు వలయముపై గడువు తేదీ ముద్రింతురు. సాధారణముగా తయారైన నాటినుండి మూడేండ్లు. నేను తగిలించినది పాత సామానులో నెన్నాళ్లుగానో పడియున్న చక్రము.

ఆ వారమున నా పూర్వశిష్యు డొకడు చూడవచ్చెను. శంషాబాదు విమానాశ్రయ ప్రాంగణమున విమానములను బాగుచేయు శాలలు గలవు, జి.ఎం.ఆర్. ఏరో టెక్నిక్ అనునది వానిలో నొకటి. ఈ శిష్యుడు అట్టి పనిలో నున్నవాడు. రేకుకు పడిన రంధ్రమును, మంచపు పట్టెను చూచి కొంతసేపు మాటాడలేదు. పిమ్మట, "సారూ, మా కాడ ఒక్క బోల్టు మార్చాలన్నా పుస్తకం చూడాలె. పుస్తకం చదువుమని మాకు చెప్పింది మీరే గదా!" యనెను. గురువునకు అంతకంటె పెద్ద దండన లేదు. యంత్రముతో వచ్చిన చిన్న పుస్తకమును నేను పెట్టెలోనుండి తీయనే లేదు.

ఆ పుస్తకమును చదివి, యంత్రమును విప్పి చూచి, పనివారి నడిగి, నేను నిశ్చయించుకొనిన సూత్ర మిది. చక్రమును పెంచు మార్పు, వేగమును పెంచు మార్పు, కవచమును తీయు మార్పు, ఈ మూడును చేయరానివి. చేతి పట్టును, కందెనను, తీగను, మీటను బాగుచేయు మార్పులు చేయదగినవి. ఏది చేయుటకైనను ముందు ప్లగ్గును గోడనుండి తీసి కంటికెదుట నుంచుకొనవలయును.

మొదటిది కందెన. యంత్రపు తలలో రెండు పండ్లచక్రములు గలవు. చిన్నది మోటారుతోను, పెద్దది సానతోను తిరుగును. మోటారు వేగము అచ్చట తగ్గి, దిశ మారును. చవుక యంత్రములందు అచ్చట గ్రీజు పేరునకు మాత్రమే యుండును. తల నాలుగు స్క్రూలతో బిగింపబడియుండును. వానిని విప్పి, పాత మురికిని తుడిచి, పండ్లచక్రములకు తగిన లిథియము గ్రీజును ఖాళీలో మూడవ వంతు మొదలు సగము వరకు నింపవలయును. నిండ కూరినచో వేడెక్కి మోటారులోనికి కారును. కొబ్బరినూనె, కుట్టుమిషను నూనె పనికిరావు. నేనీ పని చేసిన పిమ్మట రొద తగ్గెను. తల వేడెక్కుటయు తగ్గెను.

రెండవది ప్రక్కపిడి. నా యంత్రముతో వచ్చిన పిడి నాసిది. మొదటి నెలలోనే విరిగెను. యంత్రపు తలకు ఇరుప్రక్కల మర గల రంధ్రము లుండును. ఆ మరకు సరిపడు ఉక్కు బోల్టును తుమ్మకర్ర పిడిలో దిగగొట్టి బిగించితిని. ఈ యంత్రమును ఒక్కచేత పట్టుట అవివేకము. చక్రము ఇనుములో చిక్కుకొనినచో యంత్రము వెనుకకు తన్నును. రెండు చేతులున్ననే దానిని ఆపగలము.

మూడవది కవచము. దానిని తీయుట కాదు, బిగించుట. చవుక యంత్రపు కవచము ఒక స్క్రూ మీద ఆధారపడి వదులై గిరగిర తిరుగుచుండును. ఆ స్క్రూను మార్చి, క్రింద స్ప్రింగు వాషరు వేసితిని. కవచమెప్పుడును చక్రమునకును మన దేహమునకును నడుమ నుండవలయును.

నాల్గవది తీగ. వచ్చిన తీగ పొట్టిది, బిరుసైనది. దానికి మారుగా చదరపు మిల్లీమీటరు రాగి గల రెండు పోగుల మెత్తని తీగను వేయించితిని. యంత్రపు పట్టీపై చదరములో చదరము గుర్తున్నచో దానికి రెండు పొరల రక్షణ యున్నదని యర్థము, భూమితీగ అక్కరలేదు. అయినను ఇంటి మీటల పెట్టెలో 30 మిల్లీఆంపియర్ల ఆర్.సి.సి.బి. పెట్టించుకొనుట అందరికిని మేలు.

ఐదవది మీట. జరుపు మీట ఒకసారి జరిపిన అచ్చటనే నిలుచును. పల్లెలలో కరెంటు పోవుచు వచ్చుచుండును. పోయినపుడు బల్లపై పెట్టి మరచితిమేని, వచ్చినపుడు యంత్రము తనంత తానే లేచి పరుగెత్తును. అందులకై కాలితో నొక్కినంతసేపే కరెంటునిచ్చు కాలిమీటను, యంత్రము తీసికొను విద్యుత్తునకు సరిపడునది, నడుమ పెట్టితిని. కాలు తీసినను చక్రము కొన్ని క్షణములు తిరుగుచునే యుండునని మరువరాదు.

వేగమును తగ్గించుటయు కలదు. కొందరు ఇంటి పంకా రెగ్యులేటరును తగిలింతురు. అది తప్పు. పంకా తినునది నూరు వాట్లకు లోపల. ఈ యంత్రము ఆరేడు వందలు తినును. రెగ్యులేటరు మాడిపోవును. తగిన శక్తి గలది దొరకినను, మోటారు నెమ్మదించిన దానిని చల్లార్చు లోపలి పంకాయు నెమ్మదించును. కావున తక్కువ వేగమున ఎక్కువసేపు నడుపరాదు.

ఇక చేయరాని వానిలో మరి రెండు చెప్పెదను. కొందరు కర్ర కోయుటకై రంపపు పండ్ల చక్రమును, గొలుసు చక్రమును తగిలింతురు. కర్రలో పన్ను చిక్కినంతనే యంత్రము చేతిని మీరి తొడమీదికో మెడమీదికో దుముకును. తయారీదారులు స్పష్టముగా వలదనుచున్నారు. మరికొందరు కోతకై యుద్దేశించిన పలుచని చక్రపు ప్రక్కభాగముతో రాపిడి చేయుదురు. ప్రక్కకు వంగిన నది పగులును. కోతకు కోతచక్రము, రాపిడికి మందపు చక్రము. క్రొత్తచక్రమును బిగించినపుడు దాని తిన్ననుండి తొలగి నిలిచి, ఒక నిమిషము ఊరక తిరుగనీయుడు. కంటికి అద్దములు ధరింపుడు. చదువుకొను కండ్లజోడు చాలదు. ఉత్తరీయమును దూరముగా నుంచుడు. పంచెను బిగించి కట్టుడు.

రైతులకు పనికివచ్చు మాట యొకటి. గొడ్డలిని వైసులో బిగించి, గరుకుకాగితపు రెక్కలతో చేసిన ఫ్లాప్ డిస్కుతో తేలికగా తాకి తీయుచు పదును పెట్టవలయును. తాకిన ప్రతిసారి నీటిలో ముంచవలయును. అంచు నీలవర్ణమునకు తిరిగెనేని, కమ్మరి కొలిమిలో పెట్టిన పదను అచ్చట పోయినదని తెలిసికొనుడు. ఆ అంచు ఇక నిలువదు. పండ్లు గల వరికోత కొడవలికి ఈ యంత్రము తగదు, ఆకురాయియే తగినది.

ఆ దూలమేమైనదని మీరు అడుగవచ్చును. నాలుగంగుళముల చక్రముతోనే ఇరుప్రక్కలనుండి అందినంత కోసితిని. మూలలో మిగిలిన రెండంగుళములను చేతిరంపముతో కోయుటకు గంటకు పైగా పట్టెను. రేకుకు మాసిక వేయించితిని. మంచపు పట్టెను మాత్రము మార్పింపలేదు. నా మనుమడు నేటికిని పనిశాలకు వచ్చి అదే మంచముపై కూర్చుండును. యంత్రమును నేను చేతబట్టగానే, నేను చెప్పకయే లేచి లోనికి పోవును.