'ఆవు' కాస్తా 'ఆమ'!
మెట్టకూరు (యానాం): పాలన పుదుచ్చేరిదైనా ఇక్కడి పిల్లలు పలకపై దిద్దేవి మన 'అ ఆ'లే. చిక్కులూ మనవే! పిల్లాడు 'ఆవు' అని రాస్తే టీచరు 'ఆమ' అని చదివారనుకోండి.. మార్కు పోయినట్టే. తప్పు వాడి బుర్రది కాదు, కొమ్ముది. 'వ'కు కొమ్ము పక్కనే తగిలిస్తే 'మ' అయిపోతుంది. కిందనుంచి తిప్పితేనే 'వు'.

ఎక్కడ తిప్పడం తప్పుతున్నాడో చెయ్యి కదిలేటప్పుడే తెలుస్తుంది. ట్యూషన్ మాస్టారి అవసరం అక్కడే. పది పేజీలు కాపీ రాయించి పంపేస్తే ఏం లాభం? వంకరే అలవాటవుతుంది. రోజూ పది నిమిషాలు, ఒకే అక్షరం, రూళ్ల పుస్తకంలో పెద్దగా దిద్దించాలి. పెన్సిలు బిగించి పట్టుకుంటే వదులు చేయించాలి. చెయ్యి నొప్పంటే ఆపేయాలి. అయిదేళ్ల వేళ్లు మరి!

ఫీజు కట్టేముందు అమ్మానాన్నలు ఒక్కపూట పక్కన కూర్చుంటే సరి. మాస్టారు చూస్తున్నది పేజీనా, పిల్లాడి చేతినా?