స్పీకరు నడిగి కొనవలసిన యాంప్లిఫయరు

మీట త్రిప్పి, లోపలి దీపము లెఱ్ఱబడి, పిదప గాని గొంతు విప్పని వాల్వు రేడియోను ఇంట నెరిగిన తరమువారికి ఆ గాజుబుడ్ల కాంతిని, దానివెంట వచ్చు నాదమును వేరుగ వర్ణింప నక్కరలేదు. ఆ వాల్వులే నేడును సంగీతప్రియుల యిండ్లలో హైఫై యాంప్లిఫయర్లయి వెలుగుచున్నవి. వానిని కొనబోవువారు సాధారణముగా "ఇది ఎన్ని వాట్లు?" అని మొదట నడుగుదురు; కాని ఆ సంఖ్యకు అర్థము కలుగవలెనన్న ముందుగా ఇంటనున్న స్పీకరును పలుకరింపవలెను.

స్పీకరు చెప్పు మొదటి మాట దాని సెన్సిటివిటీ. ఒక వాట్ శక్తినిచ్చి, ఒక మీటరు దూరమున కొలిచినపుడు వచ్చు ధ్వని యెన్ని డెసిబెల్లో అది తెలుపును. ధ్వని 3 డెసిబెల్లు పెరిగినప్పుడెల్ల శక్తి రెట్టింపు కావలెను. 86 డెసిబెల్ల చిన్న స్పీకరుచేత సన్నాయిమేళపు విజృంభణను 98 డెసిబెల్లకు పలికింపవలెనన్న, నాలుగుమార్లు రెట్టించి, 16 వాట్లు కావలసివచ్చును. అమెరికాలో పాల్ క్లిప్ష్ 1940లలో రూపొందించిన, గదిమూల నొదిగి నిలుచు క్లిప్ష్‌హార్న్ సుమారు 104 డెసిబెల్లది గనుక, దానికి పావు వాట్ చాలును. కావుననే ఒకే 300బి వాల్వుతో ఎనిమిది వాట్ల కొలదిగ పలుకు యాంప్లిఫయరు అట్టి హార్ను స్పీకరుకడ నిండుగ పాడి, చిన్న పెట్టెకడ గొంతు బొంగురుపోవును. అచ్చట ఎక్కువ శక్తినిచ్చు ఈఎల్34 వాల్వుల జంట మేలు.

రెండవ మాట ఇంపెడెన్సు. వాల్వు కోరు భారము వేల ఓములు. స్పీకరుది 4, 8 లేక 16 ఓములు. ఈ యిరువురి నడుమ దుబాసివలె నిలుచునది ఔట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మరు: దాని చుట్లు 25కు 1 చొప్పున నున్న, 25ను 25తో హెచ్చించిన 625 రెట్లయి, 8 ఓముల స్పీకరు వాల్వునకు 5,000 ఓములుగ తోచును. యాంప్లిఫయరు వెనుక 4, 8, 16 అని గుర్తులున్న మరలు ఇందుకే. అయినను స్పీకరు ఇంపెడెన్సు స్వరస్థాయినిబట్టి మారుచుండును. మంద్రమున 3 ఓములకు దిగజారు స్పీకరు వాల్వునకు కష్టము, పెద్ద ఒడిదుడుకులు లేనిది సుఖము.

ఇంగ్లండులో పీటర్ వాకర్ ఈ దాంపత్యమును చక్కగ నెరిగిన శిల్పి. ఆయన 1953లో వెలువరించిన క్వాడ్ 2 యాంప్లిఫయరు శక్తి 15 వాట్లే. 1957లో వచ్చిన ఆయన ఎలక్ట్రోస్టాటిక్ స్పీకరులో పలుకునది పలుచని పొర. మితిమీరిన శక్తికి ఆ పొర దెబ్బతినును. ఆ 15 వాట్లకు మాత్రము స్పీకరు హాయిగ పాడును. బలము అధికమగుటయు దోషమే యగునని ఈ జంట చెప్పుచున్నది.

ఒక హెచ్చరిక: స్పీకరు తగిలింపక వాల్వు యాంప్లిఫయరును మ్రోగింపరాదు, ట్రాన్స్‌ఫార్మరు చెడును.

లెక్కలు కుదిరినపిదప, మీకు కంఠస్థమైన కచేరీ రికార్డు నొకదానిని మీ స్పీకరుతోనే వినుడు. మృదంగముపై ఎడమచేతి దెబ్బ ముద్దగట్టక విడివిడిగ వినవచ్చి, వీణతీగపై గమకము చివరివరకు సాగి నిశ్శబ్దమున కలిసినచో, ఆ యాంప్లిఫయరు మీ యింటికి రాదగినది.