వాట్‌కిన్స్ గ్లెన్: గండిలోంచి వెళ్ళి, గట్టు మీంచి రండి

న్యూయార్క్ రాష్ట్రం అంటే న్యూయార్క్ నగరం ఒక్కటే కాదు. నగరం నుంచి వాయవ్యంగా కారులో సుమారు ఐదు గంటలు వెళ్తే సెనెకా అనే పొడవాటి సరస్సు వస్తుంది. దాని దక్షిణపు కొసన ఉన్న చిన్న ఊరు వాట్‌కిన్స్ గ్లెన్. ఊరి మెయిన్ రోడ్డు మీదే స్టేట్ పార్క్ గేటు.

లోపల గ్లెన్ క్రీక్ అనే వాగు రెండు మైళ్ళ దూరంలో 400 అడుగులు కిందికి దిగుతుంది. ఆ దిగడంలో 19 జలపాతాలు. కొన్నిచోట్ల పక్కన 200 అడుగుల రాతి గోడలు. గార్జ్ అనే దానికి తెలుగులో కొత్త పదం పుట్టించక్కర్లేదు, గండికోట పేరులో ఉన్న గండి అదే.

వాగు అంత నిటారుగా ఎందుకు దిగుతోంది? మంచుయుగంలో హిమానీనదం సెనెకా లోయని బాగా లోతుగా దొలిచేసింది. పక్కనుంచి వచ్చే వాగు లోయ అంత లోతు కాలేదు. సుమారు 12,000 ఏళ్ళ కిందట మంచు కరిగి వెనక్కి వెళ్ళాక వాగు పెద్ద లోయ గోడ మీద వేలాడుతున్నట్టు మిగిలిపోయింది. దీన్నే హ్యాంగింగ్ వ్యాలీ అంటారు. అప్పట్నుంచీ రాయిని కోసుకుంటూ దిగుతూనే ఉంది.

మరి మెట్లుమెట్లుగా ఎందుకు? ఇక్కడి రాయి 35 కోట్ల ఏళ్ళకు పైబడినది, సముద్రం అడుగున పొరలుగా పేరుకున్నది. బురద గట్టిపడిన షేల్ త్వరగా అరుగుతుంది. గట్టి ఇసుకరాయి పొర చూరులా ముందుకి నిలుస్తుంది. ఆ చూరు మీంచి పడేదే జలపాతం. కావెర్న్ కాస్కేడ్, రెయిన్‌బో ఫాల్స్ దగ్గర దారి నీటి తెర వెనకనుంచే పోతుంది. పుస్తకంలో ఎన్నిసార్లు చదివినా, ఈ చూరు సంగతి నాకు అక్కడ నిలబడ్డాకే బుర్రకెక్కింది.

చాలామంది గార్జ్ ట్రైల్‌లో వెళ్ళి అదే దారిన వెనక్కొస్తారు. నేను లూప్ చెయ్యమంటాను. గార్జ్ ట్రైల్‌లో ఎక్కి, మైల్ పాయింట్ బ్రిడ్జ్ దగ్గర ఉత్తరపు గట్టు మీదున్న ఇండియన్ ట్రైల్‌కి మారి తిరిగి రండి. ఓపికుంటే బ్రిడ్జ్ దగ్గర ఆగకుండా పైదాకా పోవచ్చు, చివర్లో జేకబ్స్ లాడర్ అనే 180 మెట్లున్నాయి. గార్జ్ ట్రైల్ మొత్తం మీద రాతి మెట్లు 832.

గట్టు మీంచి ఎందుకంటే, తిరుగుదారిలో ఒక వేలాడే వంతెన వస్తుంది. వాగుకి 85 అడుగుల ఎత్తున ఉంటుంది. 1935 జూలై వరదలో నీళ్ళు ఇక్కడి వంతెనకి 5 అడుగుల దగ్గరదాకా వచ్చాయి. మధ్యలో నిలబడి కిందికి చూడండి, మోకాలిలోతు వాగు 80 అడుగులు లేవడం అంటే ఏమిటో తెలుస్తుంది. ఆ వరదకి కొట్టుకుపోయిన దారులని సివిలియన్ కన్జర్వేషన్ కార్ప్స్ యువకులు మళ్ళీ స్థానిక రాయితోనే కట్టారు.

ఇంత చెప్పడానికి కారణం ఉంది. అమెరికాలో జలపాతాల దగ్గర మునిగిపోయిన మన తెలుగు విద్యార్థుల వార్తలు అడపాదడపా చదువుతూనే ఉన్నాం. "నీళ్ళు తక్కువే కదా, ఈతొచ్చు కదా" అనిపిస్తుంది. కానీ జలపాతం కింద సుడి తిరిగే నీళ్ళూ రాళ్ళూ కలిసి తొలిచిన గుండాలుంటాయి, వాటి గోడలు నున్నగా ఉంటాయి, పట్టు దొరకదు. పడే నీటిలో గాలి బుడగలు కలిసి సాంద్రత తగ్గుతుంది, కాబట్టి తేలడం కష్టం. పైగా పడిన నీరు అడుగుకి వెళ్ళి మళ్ళీ జలపాతం వైపే లాగుతుంది. ఈత వచ్చినా తేడా ఉండదు. ఇక్కడ ఈత నిషేధం అందుకే. అంచు కూడా అంతే. కింద షేల్ అరిగిపోయిన చూరు చివర కూర్చుని సెల్ఫీ తీసుకోవడమంటే, ఆధారం లేని స్లాబ్ కొసన కూర్చోవడమే.

చలికాలంలో మంచు కట్టి రాళ్ళు రాలతాయి, గార్జ్ ట్రైల్ మూసేస్తారు. వసంతంలో వదులు రాళ్ళు తీసేశాకే తెరుస్తారు. మే నెలాఖరు నుంచి అక్టోబరు లోపు ప్లాన్ చేసుకోండి. మెట్లు ఎప్పుడూ తడిగానే ఉంటాయి, గ్రిప్ ఉన్న బూట్లు వేసుకోండి. గోడ దాటకుండా చూసినా ఆ 19 జలపాతాలూ పూర్తిగా కనిపిస్తాయి.