ముందు చక్రం

ఎన్.టి.ఆర్. జిల్లాలోని తిరువూరు మామిడి తోటలు గల ప్రాంతం. పూర్వం కృష్ణా జిల్లాలో ఉండి, 2022లో కొత్త జిల్లాలో చేరిన ఈ పట్టణం మీదుగా 30వ నంబరు జాతీయ రహదారి భద్రాచలం, కొత్తగూడెం దిశ నుండి విజయవాడ వైపు సాగుతుంది. వేసవి రాగానే ఈ ప్రాంతపు తోటల కాయలు ఆటోలలో, ట్రాక్టర్లలో, చిన్న లారీలలో నున్న మార్కెట్టు వంటి చోట్లకు తరలివెళతాయి. రహదారి నునుపుగా ఉన్నప్పటికీ, తోట నుండి రహదారికి చేరే మట్టిబాట గతుకులమయం. ఆ బాటలో కాయకు తగిలిన దెబ్బ వెంటనే కంటికి కనిపించదు. మాగిన తరువాత మచ్చగా బయటపడుతుంది. మోటారు సైకిలు మీద అదే బాటలో నిత్యం తిరిగే రైతు నడుముకు తగిలే దెబ్బ కూడా అటువంటిదే.

నేల ఇచ్చే దెబ్బను చక్రం వద్దనే అణచి, పైనున్న మనిషికీ సరుకుకూ చేరకుండా చూసే అమరికను సస్పెన్షన్ అంటారు. గుంతను మొదట ఎదుర్కొనేది ముందు చక్రమే. దారి మళ్లించేదీ అదే. బ్రేకు వేసినప్పుడు అధిక భారాన్ని మోసేదీ అదే. కనుక ద్విచక్ర వాహనంలో ముందు సస్పెన్షన్ నిర్మాణం కేవలం సుఖానికి సంబంధించిన విషయం కాదు. ప్రాణరక్షణకు సంబంధించిన విషయం.

మన ఎద్దుబండికి ఇటువంటి ఏర్పాటు లేదు. చట్రం నేరుగా ఇరుసు మీద కూర్చుంటుంది. చక్రం రాయి ఎక్కితే బండి మొత్తం ఎక్కుతుంది. దిగితే బండి మొత్తం దిగుతుంది. ఎద్దు నడక నెమ్మదైనది కనుక ఆ కుదుపు భరింపదగినదిగా ఉండేది. గుర్రం లాగే జట్కాబండి వేగం అంతకంటె ఎక్కువ. అందుచేత దానికి కమాను కట్టలు అవసరమయ్యాయి. వేర్వేరు పొడవులు గల ఉక్కు పట్టీలను ఒకదానిపై ఒకటి పేర్చి బిగించినదే కమాను కట్ట. బరువు పడినప్పుడు అది వంగుతుంది. బరువు తగ్గగానే పూర్వస్థితికి వస్తుంది. నేటికీ లారీల క్రింద ఈ కట్టలను చూడవచ్చు.

స్ప్రింగు స్వభావాన్ని సూత్రబద్ధం చేసినవాడు ఆంగ్ల శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్. 1678లో ఆయన ప్రకటించిన సూత్రం ప్రకారం, స్ప్రింగు ఎంత బలానికి లోనైతే అంత నిష్పత్తిలో సాగుతుంది లేదా కుదించుకుపోతుంది. ఉదాహరణకు, 40 కిలోల బరువుకు 20 మిల్లీమీటర్లు కుంగే స్ప్రింగు, 80 కిలోలకు 40 మిల్లీమీటర్లు కుంగుతుంది. అయితే స్ప్రింగులో ఒక లోపం ఉంది. అది దెబ్బను హరించదు. దాచుకొని తిరిగి ఇచ్చివేస్తుంది. స్ప్రింగు ఒక్కటే ఉన్న బండి ఒక గుంత దాటిన తరువాత కూడా చాలాసేపు పైకీ క్రిందికీ ఊగుతుంది. ఆ ఊపులో చక్రం నేలను విడిచిన క్షణంలో బ్రేకు పనిచేయదు, మలుపు తిరగదు. నేలను తాకని చక్రం ఎంత గొప్పదైనా నిరుపయోగమే.

ఈ ఊపును అణచేందుకు నూనె సహాయం తీసుకున్నారు. నూనె నిండిన గొట్టంలో చిన్న రంధ్రాలున్న ఒక పిస్టన్ కదులుతుంది. స్ప్రింగు కుంగినప్పుడూ లేచినప్పుడూ నూనె ఆ ఇరుకు రంధ్రాల గుండా బలవంతంగా పోవలసి వస్తుంది. ఆ ఘర్షణలో కదలికలోని శక్తి వేడిగా మారి వెలుపలికి పోతుంది. స్ప్రింగు దెబ్బను స్వీకరిస్తుంది, నూనె దానిని హరిస్తుంది. ఒక గొట్టంలో మరొక గొట్టం జారే టెలిస్కోపిక్ ఫోర్కులో ఈ రెండింటినీ ఇమిడ్చి, మార్కెట్టులో అమ్మే మోటారు సైకిలుకు మొదటగా అమర్చిన ఘనత జర్మనీకి చెందిన బి.ఎం.డబ్ల్యు. సంస్థది. 1935లో వచ్చిన ఆర్-12 నమూనాతో అది సాధ్యమైంది. నేడు తిరువూరు వీధులలో తిరిగే మోటారు సైకిళ్లలో అత్యధిక భాగం ఈ పద్ధతినే అనుసరిస్తున్నాయి.

ఈ నిర్మాణానికీ ఒక పరిమితి ఉంది. బ్రేకు వేయగానే బరువు ముందుకు మరలుతుంది; ఫోర్కు కుంగుతుంది; బండి ముందు భాగం క్రిందికి వంగుతుంది. అప్పటికే కుంగి ఉన్న ఫోర్కుకు గుంత ఎదురైతే, ఇక కుంగడానికి చోటు చాలదు. అందువల్లనే అనుభవజ్ఞులు గుంతకు ముందే వేగం తగ్గించి, గుంతలోకి దిగే క్షణానికి ముందు బ్రేకును వదులుతారు. ఈ దోషాన్ని తగ్గించేందుకు బి.ఎం.డబ్ల్యు. 1993లో టెలిలివర్ అనే పద్ధతిని, హోండా 2018 నాటి గోల్డ్‌వింగ్‌లో కారును పోలిన జంట బాహువుల పద్ధతిని ప్రవేశపెట్టాయి. అవి కుంగుబాటును తగ్గించాయి గాని ఖర్చునూ సంక్లిష్టతనూ పెంచాయి.

ఒక మేలు కోరితే మరొక దానిని వదులుకోవలసి రావడం ఈ శాస్త్రంలో అడుగడుగునా కనిపిస్తుంది. చక్రాలే లేని స్నోమొబైల్ ఇందుకు చక్కని నిదర్శనం. కెనడాలోని క్విబెక్ రాష్ట్రానికి చెందిన జోసెఫ్ ఆర్మాండ్ బొంబార్డియర్ 1959లో స్కీ-డూ అనే చిన్న మంచుబండిని మార్కెట్టులోకి తెచ్చాడు. దానికి వెనుక రబ్బరు పట్టా, ముందు దారి మళ్లించే స్కీలు ఉంటాయి. తొలినాళ్లలో స్కీలకు కమాను పట్టీలే ఆధారం. తరువాత ఒక్కొక్క స్కీ విడివిడిగా కదిలేలా బాహువులు, స్ప్రింగులు, షాక్ అబ్జార్బర్లు వచ్చాయి. చదును చేసిన మంచుబాటలో స్కీల మధ్య ఎడం ఎక్కువగా ఉంటే మలుపులో బండి ఒరగదు. కొండవాలులో మాత్రం నడిపేవాడు బండిని కావాలనే ఒరిగించవలసి వస్తుంది. అక్కడ ఎడం తక్కువగా ఉండాలి. బాటకు సుమారు 42 అంగుళాలు, కొండకు సుమారు 36 అంగుళాలు అనుకూలమని తయారీదారుల అనుభవం. మన సైనికులు సియాచిన్ మంచుమైదానంలో ఇటువంటి మంచుస్కూటర్లనే వాడుతున్నారు. మంచు అయినా మట్టిబాట అయినా సూత్రం ఒక్కటే: నేలను బట్టి నిర్మాణం.

ఈ సూత్రం మరచినప్పుడే ఊహాగానాలు విజృంభిస్తాయి. కొత్త నమూనా రాబోతున్నదని తెలియగానే, ముసుగు వేసి పరీక్షకు తిప్పుతున్న బండి ఫోటోలు బయటకు వస్తాయి. వాటిని చూసి యువకులు రకరకాల అంచనాలు కడతారు. చెన్నై కేంద్రంగా గల రాయల్ ఎన్‌ఫీల్డ్ సంస్థ 2016లో తెచ్చిన హిమాలయన్ బండికి మామూలు ఫోర్కు ఉండేది. 2023లో వచ్చిన కొత్త హిమాలయన్‌కు తలక్రిందులు చేసిన ఫోర్కు వచ్చింది. అంటే లావు గొట్టం పైన, సన్న గొట్టం క్రింద ఉంటాయి. విడుదలకు ముందు వచ్చిన ఫోటోలలో ఈ మార్పు కనిపించింది. అయితే ఫోర్కు ఎంత దూరం కుంగుతుందన్న లెక్క రెండింటిలోనూ 200 మిల్లీమీటర్లే. తలక్రిందులు చేయడం వల్ల ఫోర్కు దృఢత్వం పెరుగుతుంది. కుంగే దూరం దానంతటదే పెరగదు. లోపలి స్ప్రింగు బలమెంత, నూనె దారుల కొలత ఎంత అన్నవి ఏ ఫోటోలోనూ కనిపించవు. బండి నడవడిని నిర్ణయించేవి ఆ కనిపించని అంశాలే.

ఇకముందు రానున్న విద్యుత్ వాహనాల విషయంలోనూ ఇదే వివేకం అవసరం. బ్యాటరీ బరువు ఎక్కువ కనుక స్ప్రింగులను ఆ బరువుకు తగినట్లు మార్చాలి. దారిని బట్టి నూనె ప్రవాహాన్ని క్షణంలో సర్దే ఎలక్ట్రానిక్ పద్ధతులు ఖరీదైన బండ్లలో ఇప్పటికే ఉన్నాయి. అవి సామాన్యుని బండికి ఎప్పుడు వస్తాయన్నది ధర మీద ఆధారపడిన విషయం. కొత్త పేరు వినగానే మురిసిపోక, ఈ బండి ఎంత బరువుకు, ఎటువంటి దారికి, ఎంత వేగానికి నిర్మించబడిందని ప్రశ్నించేవాడే తెలివైన కొనుగోలుదారు.

రాబోయే బండి కంటె చేతిలో ఉన్న బండి ముఖ్యం. ఫోర్కు గొట్టం మీద నూనె జిడ్డు కనిపిస్తే లోపలి ఆయిల్ సీలు దెబ్బతిన్నదని అర్థం. నూనె కారిపోయిన కొద్దీ ఊపును అణచే శక్తి సన్నగిల్లుతుంది. ఆ నూనె డిస్కు బ్రేకు మీద పడితే బ్రేకే పట్టదు. సీలు మార్చే ఖర్చు స్వల్పం. దానిని వాయిదా వేస్తే కలిగే నష్టం అపారం. ఇద్దరి కోసం చేసిన బండి మీద ముగ్గురు కూర్చుంటే ఫోర్కూ వెనుక స్ప్రింగులూ గుంత రాకముందే సగం కుంగి ఉంటాయి.

మామిడికాయను గడ్డి పరచిన బుట్టలో పెట్టే రైతుకు ఈ శాస్త్రం కొత్తది కాదు. మెత్తదనం ఎంత ఉండాలో, బిగువు ఎంత ఉండాలో అతనికి తెలుసు. కాయ మీద చూపే ఆ శ్రద్ధను తన బండి ముందు చక్రం మీద కూడా చూపితే, దానిని నమ్ముకొని ఇంటి నుండి బయలుదేరిన ప్రతి మనిషీ క్షేమంగా తిరిగి వస్తాడు.