గల్లీలో బాలకేంద్రము, వాకిట బండ్లు

పాతబస్తీలో ఇరుగుపొరుగుల తగవులకు ఒకప్పుడు వీధి కుళాయి మూలము. నేడు వాకిటి ముందు నిలిచిన బండి మూలము. ఆ తగవులన్నిటిలో మిక్కిలి చిక్కైనది పిల్లల పేర వచ్చునది. ఒక గృహస్థు తన యింటి క్రింది భాగమును చిత్రలేఖనము, నృత్యము, కరాటే నేర్పువారికి అద్దెకిచ్చినాడనుకొందము. సాయంకాలము 5 గంటలగుసరికి పిల్లలు, వారిని దింపవచ్చిన స్కూటర్లు, ఆటోలు, నడుమ ఒకటి రెండు కార్లు గల్లీని నింపివేయును. కేంద్రమువారు నివాస ప్రాంతమున తమకు అనుమతి కావలెనని దరఖాస్తు పెట్టుదురు. పొరుగువారు ఇయ్యవలదని అర్జీ పెట్టుదురు. శాలిబండలోనైనను, మొగల్‌పురాలోనైనను, గౌలిపురలోనైనను కథ ఇంతియే.

పొరుగువారిని పిల్లల పాలిటి శత్రువులుగా చూచుట న్యాయము కాదు. వారి యిండ్లలో మంచము పట్టిన ముసలివారుందురు. అర్ధరాత్రి ఆంబులెన్సు రావలసి యుండును. 2025 మే 18న గుల్జార్ హౌజ్ వద్ద ఒక యింట నిప్పంటుకొని 17 మంది మరణించిరి. వారిలో 8 మంది పిల్లలు. ఆ ఘోరమునకు వీధిలోని బండ్లు కారణమని నా మాట కాదు. కాని ఆ యింటిలోనికి పోవు దారి ఇరుకైనదగుటచే లోపలివారిని వెలికి తెచ్చుట కష్టమైనది. అది చూచిన పిమ్మట ఏ గల్లీవాసియైనను ఫైరింజను వచ్చు త్రోవ యేదియని అడిగినచో, సమాధానము చెప్పక తప్పదు.

ఈ వీధులు మోటారు బండ్ల కొరకు పుట్టినవి కావు. 1591లో మహమ్మద్ కులీ కుతుబ్‌షా చార్మినారును కట్టించినప్పుడు, దాని నుండి నాలుగు రాజవీధులు నాలుగు దిక్కులకు విశాలముగా సాగినవి. వాని వెనుక అల్లుకొన్న గల్లీలు కాలినడకకును, పల్లకికిని సరిపోయినవి. ప్రభువుల దేవిడీలలో గుఱ్ఱములకు, బగ్గీలకు ప్రాకారము లోపలనే చోటుండెడిది. రాజవీధి యెవరి గుఱ్ఱపుశాలయు కాదు. ఆ దేవిడీలలో పెక్కు కూలి, భాగములై, చిన్న చిన్న యిండ్లైనవి. బండ్లు మాత్రము వీధిన పడినవి. 1908 నాటి మూసీ వరద పిమ్మట, 1912లో ఏర్పడిన నగరాభివృద్ధి సంఘము పత్తర్‌గట్టి వీధిని వెడల్పు చేసి, రాతి కమానుల అంగళ్ళు కట్టించినది. ఆ వెడల్పు నేడు ఎక్కడికి పోయినదో, పండుగ ముందటి సాయంకాలము అచ్చట నడచిన వారికి తెలియును.

అర్జీదారులనొక మాట అడుగవలెను. పిల్లలను దింపు బండి కొద్ది నిమిషములుండి పోవును. రాత్రియంతయు గల్లీలో నిద్రించు కారు ఎవరిది? జపానులో 1962లో చేసిన చట్టము ననుసరించి, కారు కొనువాడు దానిని నిలుపుటకు తనకు వీధి వెలుపల చోటున్నదని పోలీసుల యొద్ద ధ్రువపత్రము పొందవలెను. మన నగరమున అట్టి నియమము లేదు. కావుననే సొంత కారు వీధిలో నిలుపుట హక్కుగను, పొరుగు పిల్లవాని స్కూటరు నిలుచుట అపరాధముగను తోచుచున్నది.

అధికారుల కొలబద్దలోను ఒక లోపము కలదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వము 2012 ఏప్రిల్ 7న వెలువరించిన భవన నియమములు రోడ్డు వెడల్పును బట్టి కట్టడమును, కట్టడపు విస్తీర్ణమును బట్టి పార్కింగును నిర్ణయించినవి. బట్టల దుకాణమునకు ఇది సరిపోవును; కొనవచ్చినవాడు గంటసేపు బండి నిలుపును. పిల్లల కేంద్రమునకు నిలుపు చోటుకంటె దింపిపోవు చోటు ముఖ్యము. అందరును ఒకే గంటకు వచ్చుట రోగము. వంద గజముల యింటిలో కార్లకు చోటు చూపుమనుట దానికి మందు కాదు. చూపలేనివారు దరఖాస్తే పెట్టక, అనుమతి లేకయే నడిపెదరు. అప్పుడు వారికి షరతులు పెట్టు అవకాశము గూడ చేజారును.

తిరస్కరించినచో నష్టపడునది ఎవరు? కారున్న తండ్రి తన కుమారుని బంజారాహిల్సుకైనను తీసికొని పోవును. మూసీ దాటించి పబ్లిక్ గార్డెన్సులోని జవహర్ బాలభవనమునకు పంపుట అందరు తల్లులకు సాధ్యము కాదు. పాతబస్తీలో ఎందరో ఆడపిల్లలకు, బడి విడిచిన తరువాత ఏదైన నేర్చుకొను అవకాశము ఇంటి నుండి నడచిపోగల దూరములోనే కలదు. ఉపాధ్యాయులకు ఇది కొత్త సంగతి కాదు; బొమ్మలు వేయుటలో చేయి తిరిగిన బాలిక పై తరగతికి వచ్చునప్పటికి కుంచె విడుచుటను వారు చూచుచునే యున్నారు. నడచి వచ్చు పిల్లకు పార్కింగు అక్కరలేదు గదా! గల్లీలోని కేంద్రము చుట్టుప్రక్కల పిల్లలకే మొదట చోటిచ్చినచో సగము తగవు తీరును.

ఇటలీలోని బోల్జానో నగరమున, బడి పిల్లలు వచ్చు, పోవు వేళలలో పాఠశాల ముందరి వీధిని కొద్దిసేపు మోటారు బండ్లకు మూసివేయు పద్ధతి 1989లో మొదలైనది. తరువాత యూరపులోని ఇతర నగరములును దానిని చేపట్టినవి. ఊరేగింపుల వేళ త్రోవలు మళ్ళించుటలో ఆరితేరిన మన పోలీసులకు ఇది అసాధ్యము కాదు. అంతవరకు పోనక్కరయు లేదు. తరగతులను అరగంట ఎడముతో నడుపుట, బండ్లను గల్లీ మలుపుననే ఆపించి పిల్లలను నడిపించి తెచ్చుటకు ఒక మనిషిని నియమించుట, ఇట్టి షరతులతో అనుమతి ఇచ్చి చూడవచ్చును.

భూవినియోగము మార్చదలచినప్పుడు అభ్యంతరములు, సూచనలు కోరుచు ప్రకటన వెలువడును. దానికి పోవు కాగితములలో మిక్కిలి రద్దీ, భరింపరాని బాధ అను మాటలు సమృద్ధిగా నుండును, అంకెలు మాత్రముండవు. ఈ లోటు తీర్చుట విద్యార్థులకు కష్టము కాదు. పై తరగతులవారు ఇద్దరు, ఒక వారము పాటు, సాయంకాలము 4-30 నుండి 6 గంటల వరకు గల్లీ మలుపున నిలిచి, వచ్చిన బండి యేది, ఎన్ని నిమిషములు నిలిచినది, ఎందరు పిల్లలు నడచియే వచ్చిరి అని వ్రాసికొన్న చాలును. రాత్రి 10 గంటలకు పెద్దవారెవరైన ఒకమారు పోయి, అప్పటికి నిలిచియున్న కార్లను గూడ లెక్కింపవలెను.